తాడు చేతిలో ఉండగా

సాయిశంకర్ గారు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "కాఫీ తాగుతావా?" అని అడిగారు. మామూలు రోజుల్లో మంచినీళ్ళు తాగావా అని కూడా అడగని మనిషి. ఈ కాఫీ నాకు అరగదని అప్పుడే అనుకున్నాను.

"జ్యోతిర్మయీ, నాకొక పేరు కావాలి," అన్నారాయన.

"ఏం పేరండీ?"

"మంగళవారం జరిగిన దానికి బాధ్యులెవరో ఒక్క పేరు. వచ్చే శుక్రవారం క్లయింటు వస్తున్నారు. ఫలానా మనిషిని పంపించేశాం అని చెప్పాలి."

మంగళవారం సంగతి చెప్పాలి. మాది మధురవాడలో ఓ మాదిరి సాఫ్ట్‌వేర్ కంపెనీ. పోర్టు దగ్గర సరుకు దించే ఒక ప్రైవేటు యార్డు ఉంది. అక్కడికొచ్చే లారీలకు టోకెన్లు ఇచ్చే ప్రోగ్రాం మా టీమే రాసింది. డ్రైవరు ఫోన్లో బండి నంబరు కొడితే గేటు దగ్గరికి ఎన్నింటికి రావాలో చెబుతుంది. మంగళవారం పొద్దున్న మేం చేసిన ఓ చిన్న మార్పు పుణ్యమా అని ప్రతి లారీకీ ఒకే టైము చెప్పింది. ఇంకేముంది, లారీలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వచ్చి ఒకే గేటు ముందు నిలబడ్డాయి. రోడ్డు మూసుకుపోయింది. సిటీ బస్సులు ఆగిపోయాయి. డ్రైవర్లు మమ్మల్ని ఏడు తరాల దాకా తలుచుకున్నారట. మధ్యాహ్నానికి సరిచేశాం గానీ అప్పటికే పరువు బజార్న పడింది.

ఎవరి వల్ల జరిగిందో నాకు తెలుసు. అదే నా ప్రాణానికొచ్చింది. మార్పు రాసింది పుష్ప. పరవాడ నుంచి వచ్చే అమ్మాయి, చేరి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. రాసింది చదివి చూడాల్సిన వాడు అనిరుధ్. వాడు చదవకుండానే 'ఓకే' కొట్టాడు. ఆఖర్న అనుమతి ఇవ్వాల్సిన దాన్ని నేను. రెండు మీటింగుల మధ్య, తెరిచి కూడా చూడకుండా నొక్కేశాను. ముగ్గురం కలిసి చేసిన ఘనకార్యం అది.

"ముగ్గురి చేతుల మీదుగా వెళ్ళిందండీ," అన్నాను.

"మూడు పేర్లు చెబితే టీమే పనికిరాదంటారు. ఒక్కటి చాలు." ఆయన కాఫీ ఊదుకుంటూ నవ్వారు. "నువ్వు చెప్పకపోతే నీ పేరే రాయాల్సి వస్తుంది. లీడ్‌వి నువ్వే కదా."

కాఫీ నిజంగానే అరగలేదు.

ఉద్యోగం మానేసి పోదామని అనుకోవడం తేలికే. నేను పదేళ్ళుగా వారానికోసారి అనుకుంటూనే ఉన్నాను. మా ఆయన సింహాద్రి, స్టీల్‌ప్లాంటులో వెల్డరు, షిఫ్టుల మనిషి. పాప ఆరో క్లాసు. ఇల్లు గోపాలపట్నంలో. నేను చేసే పనికి ఈ ఊళ్ళో ఉన్న కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో సాయిశంకర్ గారి స్నేహితులు లేని కంపెనీ లేదు. మిగతావన్నీ హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నాయి. పుష్ప పేరు చెప్పనూ లేను, నా పేరు చెప్పుకోనూ లేను. పోకచెక్కకీ నాకూ తేడా ఏమిటంటే, పోకచెక్కకి అడకత్తెర ముందుగా పవర్‌పాయింట్ ప్రెజెంటేషన్ ఇవ్వదు.

టీములో పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. పేరు ఒకటి బలి కాబోతోందని ఎలాగో అందరికీ తెలిసిపోయింది. రోజంతా జోకులు వేసే అనిరుధ్ నోరు పడిపోయింది. పక్క కుర్చీలో వాడితో మాట్లాడాల్సింది కూడా మెయిల్లో రాస్తున్నాడు, రేపు రుజువు ఉండాలని. అందరూ పాత మెసేజీలు ఫొటోలు తీసి దాచుకుంటున్నారు. ఎవరూ దేన్నీ ముట్టుకోరు. ప్రతిదానికీ నేనే కావాలి. "అక్కా, ఈ లైను మార్చనా?" "అక్కా, ఈ బటన్ ఆకుపచ్చ ఉంచనా?" బాత్రూంలో ఉన్నా ఫోను మోగుతూనే ఉంటుంది. మంగళవారం అసలు ఏం జరిగిందో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కరికీ ఏమీ గుర్తు లేదట. పుష్ప అయితే నేను కుర్చీ పక్కకి వెళ్తే చాలు, లేచి నిలబడుతోంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా అత్త రామలక్ష్మమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. చేతిలో కోలాటం కర్రలున్నాయి.

"అమ్మీ, కుసుమకుమారి కూతురింటికి ఎల్లిపోనాది. ఎనిమిదో మనిసి లేదు. నువ్వు రావాల."

"అత్తయ్యా, నాకు ఓపిక లేదు. ఆఫీసులో చాలా గొడవగా ఉంది."

"నీ ఆపీసులో ఎప్పుడు గొడవ లేదేటి? ముకం కడుక్కుని రా. బేగి రా."

మా కాలనీలో ఆడవాళ్ళ కోలాటం జట్టుకి మా అత్త నాయకురాలు. నాయకురాలంటే మెత్తని మనిషి అనుకునేరు. ఆలస్యంగా వస్తే అందరి ముందూ దులిపేస్తుంది. చీర కుచ్చిళ్ళు కిందికి జారితే పాట ఆపి మరీ తిడుతుంది. ఇంట్లో నేను వండిన పులుసులో ఉప్పు గురించి నాలుగు వీధులకి చెబుతుంది. ఆ జట్టులోకి పోవడం అంటే ఓ సాయిశంకర్ గారి దగ్గర్నుంచి ఇంకో సాయిశంకర్ గారి దగ్గరికి పోవడమే అనుకున్నాను.

కమ్యూనిటీ హాల్లో దూలానికి ఇనుప చక్రం వేలాడదీశారు. మా ఆయన వెల్డింగు చేసిచ్చిందే. దాని నుంచి ఎనిమిది రంగుల తాళ్ళు కిందికి దిగుతాయి. ఎనిమిది మంది తలా ఒకటి పట్టుకుని, నలుగురు ఇటు, నలుగురు అటు తిరుగుతారు. ఎదురొచ్చిన మనిషిని ఓసారి లోపలి నుంచి, ఓసారి బయటి నుంచి దాటాలి. అలా ఆడుతూ పోతే పైన జడ అల్లుకుంటుంది. దీన్ని జడ కోలాటం అంటారు. అల్లడం సగం పనే. వేసిన అడుగులే వెనక్కి వేసుకుంటూ వచ్చి, అల్లిన జడంతా విప్పితేనే ఆట పూర్తయినట్టు.

పాట మొదలైంది. అత్త తాళం వేస్తూ మధ్యలో నిలబడింది. కాసేపు బాగానే నడిచాను. ఇంతలో నడుముకి దోపుకున్న ఫోను మోగింది. చూపు అటు పోయింది, కాలు ఇటు పోయింది. పైన జడ పట్టేసింది. ఎనిమిది మందీ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు.

"అయ్యో, నాదే తప్పండీ," అని తాడు వదిలి ఫోను తియ్యబోయాను.

"తాడు ఒగ్గీకు," అని మా అత్త గట్టిగా అంది. "తాడు సేతిలో ఉండగా పేర్లొద్దు. నాదీ నీదీ అని అడిగినోళ్ళెవరిక్కడ? ఎనక్కి నడండి."

అంతే. ఎవరూ నా వైపు తిరిగి చూడలేదు. పాట వెనక చరణం నుంచి అందుకున్నారు. అందరూ వెనక్కి అడుగులేశారు. నా తప్పడుగు దగ్గరికి వచ్చేసరికి నాకు అర్థమైంది, దాన్ని కూడా తప్పుగానే వెనక్కి వెయ్యాలి. బయటి నుంచి పోవాల్సిన చోట లోపలి నుంచి పోయాను కనక, తిరిగి కూడా లోపలి నుంచే రావాలి. ఎక్కడ పోయానో గుర్తుండబట్టి రాగలిగాను. నన్ను నిలబెట్టి తిట్టి ఉంటే కచ్చితంగా మర్చిపోయేదాన్ని, జడ అలాగే ఉండిపోయేది. ఫోను అలా మోగుతూనే ఉంది. ఎత్తడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ కాసేపు నన్ను ఎవరూ ఏమీ అడగలేకపోయారు. నవ్వొస్తుంది గానీ, వారం మొత్తం మీద నేను ఊపిరి పీల్చుకున్నది ఆ తాడు చేతికి చుట్టుకుని ఉన్నప్పుడే.

తాళ్ళు కట్టేశాక మాత్రం నన్ను ఉతికి ఆరేశారు. "ఆపీసరమ్మకి కుడేదో ఎడమేదో కంప్యూటర్ సెప్పాల," అని జట్టులో మహాలక్ష్మమ్మ అందుకుంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇళ్ళకి పోతుండగా అత్త అంది, "రేపు నువ్వే ముందు నడవాల."

"నేనా? తప్పు చేసింది నేనే కదా అత్తయ్యా."

"అందుకే. తప్పినోళ్ళు మర్నాడు ముందు నడవాల. మా జట్టులో అంతే."

"ఎందుకలా?"

"ఏటో, నాకేటి తెలుసు? మాకు నేర్పినావిడ అలాగే నేర్పీసింది. కూర పొయ్యి మీద పెట్టీసొచ్చాను, తొరగా నడు."

మర్నాడు నేనే ముందు నడిచాను. నా పుట్టుకలో అంత శ్రద్ధగా అడుగులు ఎప్పుడూ వెయ్యలేదు.

ఆ ఉత్సాహంతో వెళ్ళి ఓ బుద్ధి తక్కువ పని చేశాను. సాయిశంకర్ గారికి ఇదంతా చెప్పాను. పేరు ఎందుకు చెప్పనో ఆయనకు అర్థమవుతుందని నా ఆశ. కోలాటం జట్టులో తప్పిన మనిషిని బయటికి పంపరని, మర్నాడు ముందు నిలబెడతారని, పుష్పకీ అలాగే ఓ అవకాశం ఇద్దామని అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"అద్భుతం," అన్నారు. "ఈ శుక్రవారం ఫన్ ఫ్రైడేకి ఏం పెట్టాలా అని చూస్తున్నా. బెలూన్లు పగలగొట్టి పగలగొట్టి విసుగొచ్చింది. మీ అత్తగారి జట్టుని పిలుద్దాం. 'కోలాటం నుంచి నాయకత్వ పాఠాలు'. క్లయింటు కూడా ఆ రోజే వస్తున్నారు, చూస్తారు."

"మరి పుష్ప సంగతి?"

"అది వేరు, ఇది వేరు కదమ్మా. కార్యక్రమం పొద్దున్న. పేరు సాయంత్రం ఐదింటికి చెప్పు."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ అది అద్దాల గోడ, అందరికీ కనిపిస్తుంది.

ఇంట్లో అత్తకి చెప్పకుండా దాచేద్దామనుకున్నాను. అంతలోనే సాయిశంకర్ గారు తిన్నగా ఆవిడకే ఫోను చేసేశారు. ఇక ఆపేవాళ్ళెవరు? కాలనీ అంతా చాటింది. జట్టుకి ఒకే రంగు చీరలు, ముదురు నారింజ, పోయినేడాది కొన్నవి, బయటికి తీయించింది. "మా కోడలి ఆపీసుకి పాఠం సెప్పడానికి ఎల్తన్నాం," అని ఆటోవాడికి కూడా చెప్పింది. ఆవిడ అంత సంబరపడుతుంటే, అక్కడ సాయంత్రానికి ఓ పిల్ల ఉద్యోగం పోతుందని ఎలా చెప్పను? ఆఫీసులో ఉన్న ఉచ్చు చాలనట్టు ఇప్పుడు ఇంట్లో కూడా ఇంకొకటి పడింది.

శుక్రవారం వచ్చింది. సింహాద్రి వచ్చి క్యాంటీన్లో బల్లలు జరిపి చక్రం బిగించాడు. గోడకి పోస్టరు అంటించారు. దాని మీద పెద్ద అక్షరాలతో 'తప్పిన వారే ముందు నడవాలి: ఇదే మన సంస్కృతి' అని ఉంది. నేను సాయిశంకర్ గారికి చెప్పిన మాటే. పోస్టరు కింద పుష్ప నిలబడి ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. యార్డు తరఫున శ్రీరామ్మూర్తి గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. యాభై దాటిన మనిషి, తెల్ల మీసాలు. మంగళవారం గేటు దగ్గర డ్రైవర్ల చేత నేరుగా తిట్లు తిన్నది ఆయనే.

నలుగురు మా అత్త జట్టు వాళ్ళు, నలుగురు ఆఫీసు వాళ్ళు తాళ్ళు పట్టాలని నిర్ణయించారు. ఆఫీసు నుంచి సాయిశంకర్ గారు, అనిరుధ్, పుష్ప, నేను. సాయిశంకర్ గారు నల్ల చొక్కా చేతులు మడిచి ఉత్సాహంగా ముందుకొచ్చారు. అత్త అడుగులు రెండు మూడు సార్లు చూపించింది.

"పైన జడ సూడకండి. ఎదురొచ్చినోళ్ళ కాళ్ళు సూడండి," అని చెప్పి తాళం అందుకుంది.

నెమ్మదిగా జడ దిగడం మొదలైంది. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. సాయిశంకర్ గారు కెమెరాల వైపు చూసి నవ్వుతున్నారు. నేను ఆయన వెనకే ఉన్నాను కాబట్టి స్పష్టంగా చూశాను. ఎదురుగా పుష్ప వచ్చినప్పుడు ఆయన లోపలి నుంచి దాటాలి. నవ్వుతూ, ఫోజు పెడుతూ, బయటి నుంచి దాటారు. ఇంకో రెండు అడుగులు పడ్డాయో లేదో, జడ పట్టేసింది.

"ఓహో," అని సాయిశంకర్ గారు ఆగి పెద్దగా నవ్వారు. "ఎవరు తప్పారు? ఎవరది?"

హాలు మొత్తం పుష్ప వైపు తిరిగింది. ఎవరూ అనుకుని తిరగలేదు. వారం రోజులుగా అందరి మనసులోనూ ఉన్న పేరు అదే కాబట్టి తలలు వాటంతటవే తిరిగాయి. పుష్ప అటూ ఇటూ చూసింది.

"నానే సర్," అంది. "నాదే తప్పు."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల ఒక్క అడుగు కూడా తప్పు వెయ్యలేదు. అయినా ఒప్పేసుకుంది. మేమందరం కలిసి వారం రోజుల్లో నేర్పిన పాఠం ఇదన్నమాట, ఎక్కడ ఏం చెడినా తనదే అనుకోవడం. నేను నోరు తెరిచేలోపే మా అత్త మాట వినపడింది.

"తాడు సేతిలో ఉండగా పేర్లొద్దని సెప్పలేదేటి? ఎనక్కి నడండి."

వెనక్కి నడిచాం. కానీ విడలేదు. పుష్ప తను వెయ్యని తప్పుని సరిదిద్దబోయి లేనిపోని చోట అడుగు మార్చింది. సాయిశంకర్ గారికి తను తప్పినట్టే తెలియదు కనక బుద్ధిగా లోపలి నుంచి వచ్చారు. ముడి ఇంకా బిగిసింది. ఎనిమిది మందిమీ చక్రం కింద ఒకరికొకరం దగ్గరగా లాక్కుపోయి, కదలడానికి చోటు లేకుండా ఇరుక్కున్నాం. పుష్ప ఊపిరి నా మెడకి తగులుతోంది. తాడు వదిలేసి పారిపోవాలని ఆ పిల్ల వేళ్ళు తెరుచుకుంటున్నాయి. నేను పైనుంచి నా చేత్తో మూసి పట్టుకున్నాను.

అత్త తాళం ఆపి ఒక్క క్షణం పైకి, కిందికి చూసింది. ఆ తర్వాత పుష్ప వైపు తిరిగి మామూలు గొంతుతో అంది, "గుంటా, నువ్వు ఎలాగొచ్చావో అలాగే ఎల్లు, ఏటీ మార్సకు. నల్ల సొక్కా బాబూ, మీరు ఆ అమ్మాయిని బయట్నుంచి దాటండి. ఆఁ, అలాగే."

సాయిశంకర్ గారు బయటి నుంచి దాటారు. జడ సులువుగా విడిపోయింది. చప్పట్లు కొట్టారు. మా అత్త ఒక్క పేరూ ఎత్తలేదు. కానీ చూడగలిగిన వాళ్ళందరికీ అర్థమైంది. మహాలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనిరుధ్ నేల చూపులు చూశాడు.

రెండో ఆట మొదలుపెట్టేముందు అత్త పద్ధతి ప్రకారం చేయాల్సింది చేసింది. సాయిశంకర్ గారి చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నిలబెట్టింది. "ఈసారి మీరు నడిపించాల బాబూ," అంది. ఆయన పొంగిపోయారు. పెద్ద మనిషిని కదా, మర్యాద చేశారనుకున్నారు. ఈసారి మాత్రం నిజంగానే తప్పకుండా నడిచారు.

ఆట అయ్యాక శ్రీరామ్మూర్తి గారు లేచి మా అత్త దగ్గరికి వచ్చారు. "అమ్మా, పోస్టరు మీద రాశారు కదా, నిజంగానే తప్పిన మనిషిని తియ్యరా మీరు?" అని అడిగారు.

"తీసీడం ఎలాగవుద్ది బాబూ? ఎనిమిది సీరలు తీసుకున్నాం. ఈ రంగు మరి దొరకదు. కొత్తావిడ వత్తే ఆవిడకి వేరే రంగు సీరేటి? అందరికీ మళ్ళీ కొనాల."

ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. ఒకసారి పోస్టరు వైపు, ఒకసారి నల్ల చొక్కా వైపు చూశారు. తర్వాత సాయిశంకర్ గారు మైకు పట్టుకుని, తప్పిన వాళ్ళని ముందు నిలబెట్టే సంప్రదాయం గొప్పదనం గురించి చాలాసేపు మాట్లాడారు. మా కంపెనీ ఎప్పటినుంచో ఇదే దారిలో నడుస్తోందట. నేను జడ చక్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

ఐదింటికి ఆయన గదికి వెళ్ళాను. పేరు చెప్పనని చెప్పడానికే వెళ్ళాను. ఆయన హాయిగా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు.

"కూర్చో. నీకు శ్రమ తప్పింది. పుష్పే మెయిల్ పెట్టింది, తప్పంతా తనదేనని, వెళ్ళిపోతానని. మంచి పిల్ల, కానీ ఏం చేస్తాం. మొన్నా తనే, ఇవాళ కోలాటంలోనూ తనే. కొంతమందికి శ్రద్ధ ఉండదు."

ఆయన ఎంతో తేలిగ్గా అన్నారు ఆ మాట. అంత తేలిగ్గా అనకపోయి ఉంటే నేను తలూపి ఇంటికి పోయేదాన్నేమో, నిజం చెబుతున్నాను. పేరు నా నోటి నుంచి రాలేదు, నా ఉద్యోగం నాకుంది, పిల్ల తనంతట తనే వెళ్ళిపోతోంది. అంతకంటే సుఖమైన బోను ఏముంటుంది?

"కోలాటంలో తప్పింది పుష్ప కాదండీ," అన్నాను. "మీరు."

"నేనా?"

"మీరు ఆ అమ్మాయిని బయటి నుంచి దాటారు. నేను మీ వెనకే ఉన్నాను. అందుకే మా అత్త మిమ్మల్ని మళ్ళీ బయటి నుంచే రమ్మంది. అందుకే రెండో ఆటలో మిమ్మల్ని ముందు నిలబెట్టింది."

ఆయన నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది. బహుశా అడుగులు గుర్తొచ్చి ఉంటాయి. కొంచెం సేపటికి, "శ్రీరామ్మూర్తి గారికి..." అన్నారు.

"ఆయన ముందు వరసలో కూర్చున్నారు కదండీ."

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. మొదటిసారి ఆయన్ని చూస్తే జాలేసింది. ఆయనకీ పైన ఎవరో ఉన్నారు, వాళ్ళకీ ఒక పేరు కావాలి.

"ఇప్పుడు ఏం చెయ్యమంటావు?" అన్నారు చివరికి.

"నేను శ్రీరామ్మూర్తి గారికి రాస్తాను. పుష్ప రాసింది, అనిరుధ్ చూడలేదు, నేను చూడలేదు, మూడూ రాస్తాను. ప్రోగ్రాంలో తర్వాత చేసే మార్పుకి పుష్ప ముందు నడుస్తుందని కూడా రాస్తాను. పొద్దున్న మైకులో మీరు చెప్పింది అదే కదండీ."

"సోమవారం నీ సంగతి మాట్లాడుకోవాలి," అని మాత్రం అన్నారు. ఆ మాటకి ఏ అర్థమైనా ఉండొచ్చు. శని, ఆదివారాలు నాకు నిద్ర ఉండదన్నది మాత్రం ఖాయం.

సీటు దగ్గరికి వచ్చి మెయిల్ రాశాను. మళ్ళీ చదివితే భయమేస్తుందని చదవకుండా పంపేశాను. పుష్పకీ అనిరుధ్‌కీ కాపీ పెట్టాను. పుష్ప బ్యాగు సర్దుకుంటోంది. ఫోను తెరిచి చూసి, అక్కడే నిలబడిపోయింది. నా దగ్గరికి వచ్చింది. కృతజ్ఞత చెబుతుందనుకున్నాను, మరి మనిషిని కదా.

"ఏటక్కా ఇది?" అంది. గొంతులో కోపం ఉంది. "నాను ఎలిపోదామని రాసీసాను. ఎలిపోతే అయిపోయేది. ఇప్పుడు ముందు నడవమంటే అందరూ నన్నే సూత్తారు. మళ్ళీ లారీలు ఆగిపోతే?"

"తెలీదు పుష్పా," అన్నాను. "ఆగిపోవచ్చు కూడా. నాకూ భయంగానే ఉంది."

కుర్చీ లాగి చూపించాను. ఆ పిల్ల బ్యాగు భుజాన ఉంచుకునే కూర్చుంది. మంగళవారం పొద్దున్న ఏం చేశావో వెనక నుంచి చెప్పమన్నాను. బ్యాగు జిప్పు తెరుస్తూ మూస్తూ ఉంది. గది మొత్తం కీబోర్డులు ఆపేసి వింటోంది.

అనిరుధ్ కుర్చీ కిర్రుమంది. వాడు లేచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది.

"అక్కా, నన్ను ముందు సెప్పనీ," అన్నాడు. "తను పంపినప్పుడు నాను క్యాంటీన్లో ఉన్నాను. ఫోన్లోనే ఓకే కొట్టీసాను. ఒక్క లైను సదవలేదు."

పుష్ప తలెత్తి వాడి వైపు చూసింది.

"నాకు తెలుసు," అంది. "నాను పంపీలోపే నీ ఓకే వచ్చీసింది."

ఎవరో నవ్వారు. తర్వాత అనిరుధ్ నవ్వాడు. పుష్ప నవ్వలేదు గానీ, భుజాన ఉన్న బ్యాగు తీసి కింద పెట్టి, మంగళవారం గురించి చెప్పడం మొదలుపెట్టింది.